సిస్టమ్స్ బయాలజీలో పిహెచ్.డి.: ఎలా సిద్ధం కావాలి, తొలి రెండేళ్లు ఎలా నడుపుకోవాలి

బయోటెక్నాలజీలో బి.టెక్. చేసినవారు, లైఫ్ సైన్సెస్‌లో ఎం.ఎస్సీ. చేసినవారే కాక భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ చదివినవారు కూడా సిస్టమ్స్ బయాలజీలో పరిశోధనకు దరఖాస్తు చేసుకోవచ్చు. అందువల్ల ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివారికీ సగం విషయం కొత్తగానే ఉంటుంది. మీకు ఏ సగం కొత్తదో గుర్తించి దరఖాస్తుకు ఏడాది ముందు నుంచే దాన్ని ఎలా పూరించుకోవాలో, విశ్వవిద్యాలయాన్నీ గైడునూ ఎలా ఎంచుకోవాలో, చేరిన తర్వాత తొలి రెండేళ్లు ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. నేను ఈ దారిలోనే నడిచాను కాబట్టి, నాకు ఎవరూ ముందుగా చెప్పని సంగతుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ప్రవేశ పరీక్షల సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది గనుక దాన్ని త్వరగా దాటేస్తాను.

ముందుగా, ఈ రంగం ఎలాంటి ప్రశ్న అడుగుతుందో తెలుసుకోండి

వేల జన్యువులనూ ప్రోటీన్లనూ ఒకేసారి కొలవడమే సిస్టమ్స్ బయాలజీ అనుకుని చాలామంది దరఖాస్తు చేస్తారు. కొలతలు అవసరమే, కానీ అసలు ప్రశ్న అది కాదు. భాగాలన్నీ విడివిడిగా తెలిసిన తర్వాత కూడా, అవి కలిసినప్పుడు ఇలాగే ఎందుకు ప్రవర్తిస్తున్నాయన్నది ఇక్కడి ప్రశ్న. సియాటిల్‌లో 2000లో ఈ పేరుతోనే ఒక పరిశోధన సంస్థ ఏర్పడింది, హార్వర్డ్ వైద్య విద్యాలయంలో 2003లో ఒక విభాగం మొదలైంది. ప్రశ్న మాత్రం అంతకంటే చాలా పాతది.

ఒక ఉదాహరణ చూడండి. ఇ. కోలై బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ను వాడుకునే జన్యువులు ఎలా తెరుచుకుంటాయో, ఎలా మూసుకుంటాయో ఫ్రాన్స్వా జాకోబ్, జాక్ మోనో 1961లో వివరించారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1957లో, నోవిక్, వైనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అదే వ్యవస్థలో ఒక వింతను చూపారు. ఆ జన్యువులను ప్రేరేపించే రసాయనాన్ని మధ్యస్థ మోతాదులో ఇచ్చినప్పుడు, కల్చర్ మొత్తాన్ని కలిపి కొలిస్తే ఎంజైమ్ కూడా మధ్యస్థ స్థాయిలో ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఏ కణమూ మధ్యస్థంగా తయారు చేయడం లేదు. కొన్ని కణాలు పూర్తి స్థాయిలో తయారు చేస్తుంటే, మిగిలినవి దాదాపు ఏమీ చేయడం లేదు. ప్రేరకాన్ని కణంలోకి తెచ్చే పర్మియేజ్ అనే ప్రోటీన్ కూడా ఆ జన్యువుల సమూహం నుంచే వస్తుంది కాబట్టి, కాస్త పర్మియేజ్ ఏర్పడిన కణంలోకి ప్రేరకం ఎక్కువగా చేరుతుంది, చేరిన ప్రేరకం మరింత పర్మియేజ్‌ను తయారు చేయిస్తుంది. ఈ వలయం ఒకసారి తిరగడం మొదలుపెట్టిన కణం మధ్యలో ఆగదు. ఆ వ్యవస్థను 2004లో ఒక్కొక్క కణం స్థాయిలో కొలిచి, గణిత నమూనాతో పోల్చిన బృందంలో ముకుంద్ థట్టై ఉన్నారు. ఆయన ఆ తర్వాత బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో తన ల్యాబ్ పెట్టుకున్నారు.

ఈ ఉదాహరణను మీ మాటల్లో ఒక పేజీ రాసి చూడండి. సగటు కొలత మనల్ని ఎలా తప్పుదారి పట్టించిందో, వలయం వల్ల రెండు స్థితులు ఎలా వచ్చాయో రాస్తున్నప్పుడు మీకు ఇంకా తెలుసుకోవాలని అనిపిస్తే ఈ రంగం మీకు సరిపడుతుంది. డేటాను పెద్ద ఎత్తున విశ్లేషించడం మాత్రమే మీకు ఇష్టమైతే బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్లడం మేలు. అది తక్కువ విద్య కాదు, అక్కడ అడిగే ప్రశ్నలు వేరు, అంతే.

మీకు రాని సగాన్ని కాగితం మీద నేర్చుకోండి

జీవశాస్త్రం చదివినవారు మూడు విషయాలను గట్టి చేసుకోవాలి: లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలు, సంభావ్యత. మూడింటినీ డిగ్రీ పాఠ్యపుస్తకాలంత లోతుగా చదవనవసరం లేదు. ఒక్క సమీకరణాన్ని పూర్తిగా మీదిగా చేసుకోవడంతో మొదలుపెట్టండి. ఒక ప్రోటీన్ స్థిరమైన వేగంతో తయారవుతోందనీ, ఉన్న ప్రోటీన్‌లో ఒక నిర్ణీత భాగం ప్రతి నిమిషం తగ్గిపోతోందనీ అనుకోండి. సున్నా నుంచి మొదలైన ఆ ప్రోటీన్ తన తుది స్థాయిలో సగానికి ఎంతసేపట్లో చేరుతుందో లెక్కకట్టండి. సమాధానంలో తయారీ వేగం కనిపించదు. 0.693ను తగ్గుదల రేటుతో భాగిస్తే వచ్చేదే ఆ సమయం. అంటే తయారీ వేగాన్ని పది రెట్లు పెంచితే తుది స్థాయి పది రెట్లు పెరుగుతుందే తప్ప, సగానికి చేరే సమయం ఒక్క నిమిషం కూడా తగ్గదు. ప్రోటీన్ విచ్ఛిన్నం కాకుండా కణ విభజన వల్ల మాత్రమే పలచబడుతూ ఉంటే, 30 నిమిషాలకు ఒకసారి విభజన చెందే ఇ. కోలైలో ఆ సమయం సరిగ్గా 30 నిమిషాలు.

మరి కణానికి తొందరగా స్పందించాల్సిన అవసరం వస్తే ఏం చేస్తుంది? తయారీని బలంగా మొదలుపెట్టి, ప్రోటీన్ పేరుకున్నకొద్దీ అదే తన తయారీని తగ్గించుకునేలా అమర్చుకోవడం ఒక మార్గం. ఇలాంటి అమరిక స్పందన సమయాన్ని తగ్గిస్తుందని 2002లో ఇ. కోలైలోనే ప్రయోగం చేసి చూపారు. ఈ రెండు లెక్కలనూ కాగితం మీద చేయగలిగి, గ్రాఫు గీసి, ఒక మిత్రుడికి వివరించగలిగితే మీ గణితం మొదటి మెట్టు ఎక్కినట్టే. ఆ తర్వాత ఐఐటీ మద్రాసు నుంచి ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరికే కంప్యూటేషనల్ సిస్టమ్స్ బయాలజీ కోర్సును పట్టుకోండి. పాఠాలు వినడంతో ఆగకుండా అసైన్‌మెంట్లు కూడా చేయండి.

ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం, గణితం వైపు నుంచి వచ్చేవారికి ఉండే లోటు వేరే. సమీకరణం వెంటనే అర్థమవుతుంది కానీ, అందులోని ప్రతి సంఖ్య వెనుక ఎంత శ్రమ, ఎంత అనిశ్చితి ఉన్నాయో తెలియదు. వీరు కనీసం రెండు నెలలు ఒక వెట్ ల్యాబ్‌లో, అంటే చేత్తో ప్రయోగాలు చేసే ల్యాబ్‌లో, గడపాలని గట్టిగా చెబుతాను. బ్యాక్టీరియాను పెంచి, అరగంటకు ఒకసారి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఓడీ (కల్చర్ ఎంత మసకబారిందో చెప్పే కొలత) చూసి, పెరుగుదల రేఖను స్వయంగా గీసి, అదే నమూనాను ప్లేట్ల మీద పరచి కాలనీలు లెక్కపెట్టండి. మూడు ప్లేట్లలో మూడు వేర్వేరు సంఖ్యలు వచ్చినప్పుడు, ఇకపై ఏ గ్రాఫులో చూసినా దోష రేఖలను (కొలతలోని అనిశ్చితిని చూపే గీతలను) మీరు మునుపటిలా చూడరు.

ల్యాప్‌టాప్ మీద ఒక కణాన్ని నడపండి

ఇది దరఖాస్తుకు ముందు చేయవలసిన పనులన్నింటిలో ముఖ్యమైనది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. పైథాన్ నేర్చుకుని, కోబ్రా-పై అనే ఉచిత ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, ఇ. కోలై కోర్ మోడల్‌ను, అంటే ఆ బ్యాక్టీరియా ప్రధాన జీవక్రియల చిన్న గణిత నమూనాను, తెరవండి. అందులో 95 చర్యలు, 72 జీవక్రియా పదార్థాలు, 137 జన్యువులు ఉంటాయి. కణంలోని ప్రతి పదార్థమూ ఎంత తయారవుతోందో అంతే ఖర్చవుతోందని భావించి, ఆ హద్దుల మధ్య పెరుగుదల గరిష్ఠంగా ఉండే చర్యల వేగాలను లీనియర్ ప్రోగ్రామింగ్‌తో కనుక్కోవడం ఇక్కడి పద్ధతి. దీన్ని ఫ్లక్స్ బ్యాలెన్స్ అనాలిసిస్ అంటారు.

గ్లూకోజ్‌ను గ్రాము పొడి బరువుకు గంటకు 10 మిల్లీమోళ్ల వరకు తీసుకోనిచ్చి, ఆక్సిజన్‌కు హద్దు పెట్టకుండా నడిపితే పెరుగుదల రేటు గంటకు 0.874 వస్తుంది, అంటే కణాలు దాదాపు 48 నిమిషాలకు రెట్టింపవుతాయి. ఇప్పుడు ఆక్సిజన్‌ను సున్నా చేసి మళ్లీ నడపండి. రేటు 0.212కు పడిపోయి, రెట్టింపు కావడానికి మూడు గంటలకు పైగా పడుతుంది, కణం నుంచి ఎసిటేట్, ఫార్మేట్, ఇథనాల్ బయటికి వస్తాయి. ఈ అంకెలు మీ తెర మీద కూడా వచ్చాయంటే మీ ఇన్‌స్టలేషన్ సరిగానే ఉందన్నమాట.

ఈ మోడల్‌లో, కణం పెరగకపోయినా బతికి ఉండటానికి మాత్రమే ఖర్చయ్యే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కోసం ఒక ప్రత్యేక చర్య ఉంటుంది. దాని కనీస విలువ, గ్లూకోజ్‌కు వాడిన ప్రమాణాల్లోనే, 8.39. ఆ వరుసను చూసినప్పుడల్లా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నాకు గుర్తుకొస్తారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించిన తర్వాతే, ఆ కొలతల దారిలో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వారి చేతికి చిక్కాయి. మోడల్‌లో మనం ఒక్క అక్షరం టైపు చేసి మార్చే అంకె కూడా ఇలాంటి ఏదో కొలత నుంచే వచ్చి ఉంటుందని ఈ పనిలో ఉన్నవారు మరచిపోకూడదు.

తర్వాతి మెట్టు జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించి చూడటం. ప్యాకేజీలో దీనికి సిద్ధంగా ఉన్న ఫంక్షన్ నిమిషం లోపే 137 జన్యువులనూ పరీక్షించేస్తుంది. అది అలవాటయ్యాక, బిగ్ మోడల్స్ డేటాబేస్ నుంచి 2017 నాటి పూర్తిస్థాయి ఇ. కోలై మోడల్‌ను దించుకోండి. దాన్ని ప్రచురించిన పత్రం ప్రకారం అందులో 1515 జన్యువులు, 2719 చర్యలు ఉన్నాయి. జపాన్‌లో 2006లో తయారు చేసిన కెయో సంకలనంలో, ఒక్కొక్క జన్యువును తొలగించిన 3985 ఇ. కోలై రకాలు ఉన్నాయి. వాటిలో ఏది ఏ మాధ్యమంలో పెరిగిందో, ఏది పెరగలేదో ప్రచురితమైన పట్టికల్లో దొరుకుతుంది. మీ మోడల్ ఫలితాలను ఆ పట్టికతో పక్కపక్కన పెట్టండి.

ఎక్కువ జన్యువుల విషయంలో రెండూ ఏకీభవిస్తాయి. వాటిని పక్కన పెట్టి, విభేదించిన వాటిని ముందుకు తీసుకోండి. మోడల్ బతుకుతుందని చెప్పిన కణం ప్రయోగంలో ఎందుకు పెరగలేదు? బహుశా అదే పని చేసే మరో ఎంజైమ్ ఉందని మోడల్ నమ్ముతోంది, కానీ ఆ పరిస్థితిలో ఆ జన్యువు తెరుచుకోవడం లేదు. మోడల్ చనిపోతుందని చెప్పిన కణం ఎందుకు పెరిగింది? బహుశా మనకు ఇంకా తెలియని దారి ఒకటి కణంలో ఉంది, లేదా పక్క కణాలు మాధ్యమంలోకి వదిలిన పదార్థంతో అది బతికింది. ఇలాంటి ఒక్క జన్యువును ఎంచుకుని, దాని గురించి వచ్చిన పత్రాలు చదివి, మీ అనుమానాన్నీ దాన్ని తేల్చగల ప్రయోగాన్నీ రెండు పేజీల్లో రాయండి. ఈ రెండు పేజీలు మీ మార్కుల పట్టిక కంటే ఎక్కువగా మీ తరఫున మాట్లాడతాయి. మోడల్ ఎక్కడ తప్పిందో అక్కడే పరిశోధన మొదలవుతుంది కాబట్టి, ఇక ముందు విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడూ గైడును ఎంచుకునేటప్పుడూ, మోడల్ తప్పును పట్టుకునే ప్రయోగం అక్కడ జరుగుతుందా లేదా అన్నదే మీ గీటురాయి కావాలి.

ఎక్కడ చేరాలి

తెలుగు విద్యార్థులకు దగ్గరలోనే మంచి అవకాశాలు ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లైఫ్ సైన్సెస్ స్కూలు కింద సిస్టమ్స్ అండ్ కంప్యూటేషనల్ బయాలజీ పేరుతోనే ఒక విభాగం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్, బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోనే ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో ప్రయోగాల బలం ఎక్కువ. ఐఐటీ మద్రాసు, ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, చెన్నైలోని గణితశాస్త్ర సంస్థ (ఐఎంఎస్సీ) కూడా చూడదగ్గవి. పేరులో సిస్టమ్స్ బయాలజీ అని ఉందా లేదా అని కాక, ఏ ఇద్దరు ముగ్గురు ఆచార్యుల పని మీ ప్రశ్నకు దగ్గరగా ఉందో చూసి జాబితా వేసుకోండి.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. సీఎస్‌ఐఆర్ నెట్, డీబీటీ వారి బెట్, గేట్, ఎన్‌సీబీఎస్ కోసం జీబిల్స్ – వీటిలో మీ చదువుకు సరిపడే రెండింటికి సిద్ధమైతే చాలు. నెట్‌లో ఫెలోషిప్ రాకపోయినా, ఆ స్కోరుతో పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే అర్హత పొందే వీలును యూజీసీ 2024లో కల్పించింది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొత్తం 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)లో 42,000. ఇంటద్దె భత్యం దీనికి అదనం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు ఉన్నవారు మాస్టర్స్ లేకుండానే అర్హులు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, మొత్తం వ్యవధి మూడు నుంచి ఆరేళ్లు.

విదేశాలకు వెళ్లాలనుకుంటే రెండు పద్ధతుల మధ్య తేడాను ముందే గ్రహించండి. అమెరికాలో మాస్టర్స్ లేకుండా నేరుగా పిహెచ్.డి.లో చేరవచ్చు. చాలా కార్యక్రమాల దరఖాస్తు గడువు డిసెంబరు తొలి పక్షంలో ముగుస్తుంది, తొలి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్లు (ఒక్కో ల్యాబ్‌లో కొన్నాళ్లు పని) చేసిన తర్వాత గైడును ఎంచుకుంటారు, పూర్తి కావడానికి అయిదారేళ్లు పడుతుంది. హార్వర్డ్‌లో ఈ కార్యక్రమం సిస్టమ్స్, సింథటిక్, క్వాంటిటేటివ్ బయాలజీ అనే పేరుతో నడుస్తోంది. ఐరోపాలో సాధారణంగా మాస్టర్స్ ఉండాలి, ఎంపిక అయినవారు ఉద్యోగ ఒప్పందం మీద జీతంతో మూడు నాలుగేళ్లు పనిచేస్తారు. జ్యూరిక్‌లో ఈటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం, జ్యూరిక్ విశ్వవిద్యాలయం కలిసి నడిపే గ్రాడ్యుయేట్ స్కూలులో సిస్టమ్స్ బయాలజీకి ప్రత్యేక పిహెచ్.డి. కార్యక్రమం ఉంది. ఏ అంశం మీద పని చేస్తారో ఇంకా తేల్చుకోనివారికి రొటేషన్లు ఉన్న చోటు మంచిది, తేల్చుకున్నవారికి ఐరోపా పద్ధతిలో సమయం కలిసొస్తుంది.

ఇంట్లో పెద్దలు ఈ చదువుకు ఉద్యోగం ఉంటుందా అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. మందు మోతాదు శరీరంలో ఎలా పనిచేస్తుందో మోడల్ చేసే విభాగాలు ఔషధ కంపెనీల్లో ఉన్నాయి, కిణ్వన పరిశ్రమలో సూక్ష్మజీవులను మలిచే పనికీ ఇదే శిక్షణ కావాలి. వాళ్లకు ఈ సంగతి ఓపికగా వివరించండి.

గైడుకు ఉత్తరం, తర్వాత సంభాషణ

ఆచార్యులకు రాసే మెయిల్ పదిహేను పంక్తులు దాటకూడదు. మొదటి పేరాలో మీరెవరో ఒక్క వాక్యంలో చెప్పి, రెండో పేరాలో వారి పత్రాల్లో ఒకదానిలోని ఒక నిర్దిష్టమైన గ్రాఫు గురించో ఊహ గురించో మీకు వచ్చిన ప్రశ్నను రాయండి. పైన చెప్పిన రెండు పేజీలను జతచేయండి. మీ పరిశోధన మహోన్నతమైనదని, నాకు చిన్నప్పటి నుంచి సైన్సంటే ప్రాణమని రాసే మెయిళ్లు వారికి రోజూ వస్తాయి, వాటికి జవాబు ఉండదు. రెండు వారాల్లో సమాధానం రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి, అంతకు మించి వద్దు.

మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు మీరు కూడా ప్రశ్నలు అడగాలి. మోడల్ చేసేవారూ ప్రయోగం చేసేవారూ ఒకే ల్యాబ్‌లో ఉన్నారా, లేక డేటా మరో సంస్థ నుంచి వస్తుందా? మీరు ఊహించిన ఫలితాన్ని పరీక్షించే ప్రయోగం ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు? ఇద్దరు విద్యార్థులు కలిసి చేసిన పనిలో మొదటి రచయిత ఎవరన్నది ఎలా నిర్ణయిస్తారు? గత విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తి చేశారు? తర్వాత ఆ ల్యాబ్‌లోని ఇద్దరు విద్యార్థులతో, గైడు లేని సమయంలో, ఫోనులో మాట్లాడండి. మన దగ్గర గురువును ప్రశ్నించడం అమర్యాద అన్న సంకోచం ఇంకా ఉంది. కానీ అయిదేళ్లు కలిసి పనిచేయబోయే మనిషిని గౌరవంగా అడిగే ప్రశ్న ఆయనకూ ఉపకారమే.

తొలి ఏడాది: ప్రమాణాలు, నోటుబుక్కు

నా తొలి ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలలు నేను వేరే బృందం నుంచి వచ్చిన కొలతలకు ఒక మోడల్‌ను సరిపెట్టాలని ప్రయత్నించాను. ఎంత మార్చినా గ్లూకోజ్ వినియోగం కుదరలేదు. చివరికి తెలిసిందేమిటంటే, ఆ విలువలు ఓడీ యూనిట్‌కు లెక్కించినవి, నేను గ్రాము పొడి బరువుకు అనుకున్నాను. ఒక ఓడీకి ఎంత పొడి బరువు అన్నది బ్యాక్టీరియా రకాన్ని బట్టి, యంత్రాన్ని బట్టి మారుతుంది, ఫైలులో ఆ సంగతి రాసి లేదు, నేను అడగలేదు. ఆ ప్రయోగం చేసిన బెంచీ దగ్గరికి మొదటి వారంలోనే వెళ్లి ఒక్క రోజు నిలబడి ఉంటే ఆ ఎనిమిది నెలలు మిగిలేవి.

అందుకే మీ చేతికి వచ్చే ప్రతి డేటా ఫైలుకూ ఒక చిన్న వివరణ పత్రం తయారు చేయండి. అందులో జీవి రకం, మాధ్యమం, ఉష్ణోగ్రత, ప్రమాణాలు, ఎన్ని పునరావృత్తులు, అవి ఒకే రోజువా వేర్వేరు రోజులవా అన్నది ఉండాలి. కోడ్‌ను మొదటి రోజు నుంచే గిట్‌లో (ప్రతి మార్పునూ దాచిపెట్టే సాధనంలో) ఉంచండి. మోడల్‌ను ఎస్‌బీఎంఎల్ అనే ప్రామాణిక ఫైలు రూపంలో భద్రపరిస్తే, దాన్ని చదవగల ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మరొకరు తెరవగలరు. కోర్స్‌వర్క్‌లో మీకు వచ్చిన సబ్జెక్టులనే తీసుకుని మంచి గ్రేడు తెచ్చుకోవాలన్న ఆశ కలుగుతుంది, దానికి లొంగకండి. రాని సబ్జెక్టును పక్కన తోటివారు, ప్రశ్నలడిగేందుకు ఆచార్యులు ఉండగా నేర్చుకునే వీలు కోర్స్‌వర్క్‌లోనే ఉంటుంది.

రెండో ఏడాది: కాంప్రహెన్సివ్ వరకు

ఈ దశలో ఎక్కువమంది పడే గుంత ఒకటుంది. మోడల్‌లో ముప్పై పరామితులు (డేటాకు సరిపోయేలా మార్చి చూసే విలువలు) ఉంటాయి, డేటా పన్నెండు బిందువులు ఉంటుంది, కంప్యూటర్ ఎలాగోలా గీతను బిందువుల మీదుగా పోనిస్తుంది. గీత అందంగా కుదిరిందంటే మోడల్ నిజమని అర్థం కాదు. ప్రచురితమైన 17 సిస్టమ్స్ బయాలజీ మోడళ్లను 2007లో ఒక బృందం పరిశీలించినప్పుడు, వాటన్నింటిలోనూ పరామితుల కొన్ని కలయికలను మాత్రమే డేటా గట్టిగా పట్టుకుందనీ, మిగిలిన కలయికలు ఎంతో మారినా ఫలితం దాదాపు మారలేదనీ తేలింది. కాబట్టి పరామితుల విలువలను కనుగొన్నామని చెప్పే ముందు, వేర్వేరు ప్రారంభ విలువల నుంచి కనీసం కొన్ని వందలసార్లు సరిపెట్టి చూడండి. డేటాకు సమానంగా కుదిరిన పరామితుల సమూహాలన్నింటినీ దాచుకుని, ఇంకా చేయని ఒక ప్రయోగం గురించి అవన్నీ ఏం చెబుతున్నాయో అడగండి. అన్నీ ఒకే మాట చెబితే అది మీ మోడల్ ఇచ్చే నికరమైన ఊహ. వేర్వేరు మాటలు చెబితే, వాటిని విడదీయగల ప్రయోగం ఏదో మీకు తెలిసిపోయినట్టే, ముందుగా చేయవలసింది ఆ ప్రయోగమే.

కాంప్రహెన్సివ్ పరీక్షకు, అంటే మీ పరిశోధన ప్రతిపాదనను కమిటీ పరీక్షించే దశకు, ఇచ్చే ప్రతిపాదనలో కనీసం రెండు పోటీ మోడళ్లు ఉండాలి. ఒకే మోడల్‌తో వెళితే కమిటీ దాని వివరాల్లోకి దిగుతుంది, రెండింటితో వెళితే వాటి మధ్య తేల్చే ప్రయోగం గురించి మాట్లాడుతుంది, మీకు పనికొచ్చేది ఆ రెండో చర్చే. ఏ ఫలితం వస్తే ఏ మోడల్‌ను వదులుకుంటారో ఒక పట్టికలో ముందే రాసిపెట్టండి. కమిటీలో ప్రయోగాలు చేసే ఆచార్యులు ఒకరైనా ఉండేలా చూసుకుని, ఆ పట్టికను పరీక్షకు నెల ముందే వారికి చూపండి. ఆ ప్రయోగానికి ఎన్ని వారాలు పడుతుందో, ఏ బ్యాక్టీరియా రకాలు ఏ ల్యాబ్ నుంచి తెప్పించాలో, ఏ రసాయనం ఖరీదు ఫెలోషిప్ కంటింజెన్సీలో (పరిశోధన ఖర్చులకు ఇచ్చే మొత్తంలో) ఇముడుతుందో వారు చెప్పగలరు. పరీక్ష పూర్తయిన వారంలోనే ఆ రకాల కోసం అభ్యర్థన పంపండి, అవి చేరి, మీ ల్యాబ్‌లో మళ్లీ పరీక్షించుకుని, మొదటి కొలత తీసేసరికి మూడో ఏడాది మొదలవుతుంది.